మళ్లీ సున్నాయే రాయాలా మేడం?

రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత పాఠశాలలకు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, ప్రశ్నపత్రాలు కూర్చే పెద్దలకు బహిరంగ లేఖ



నేను బందరు తీరాన ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో పంతొమ్మిదేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. మా తరగతిలో సగం మంది వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు. గిలకలదిండి రేవులో బోటు కదిలే ముందు ఐసు దిమ్మలు రావడం, వాటిని కొట్టి పొడిచేసి బోటు అడుగున నింపడం వాళ్లు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే.

ఒక రోజు పదార్థ స్థితుల పాఠం చెబుతుంటే వెనక బల్ల మీది పిల్లాడు లేచాడు. "మేడం, ఐసు కరిగిన నీళ్లు కూడా అంతే సల్లగా ఉంటాయి కదండీ. మరి బోటులో ఆ నీళ్లే పోసుకెళ్తే సరిపోద్ది కదా. ఐసుకి అంత డబ్బెందుకండీ?"

ఆ పాఠం మొత్తంలో అడగవలసిన ప్రశ్న అదే. కానీ ఆ రోజు నేను బోర్డు మీద గుప్తోష్ణం సూత్రం రాశాను, నిర్వచనం చెప్పాను, రాసుకోమన్నాను. వాడు రాసుకున్నాడు. ఆ తర్వాత ఆ పాఠంలో ఇంకో ప్రశ్న అడగలేదు. సూత్రం వాడికి జవాబు కాలేదని వాడి ముఖం చూస్తేనే తెలిసింది. ఈ ఉత్తరం ఆ రోజు నుంచి నా మనసులో ఉంది.

వాడి ప్రశ్నకు అసలు జవాబు లెక్కలో ఉంది. ఆ లెక్క మా ఊళ్లో ఎవరికైనా పనికొచ్చేదే. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలో కేలరీ చాలు. ఒక కిలో ఐసు సున్నా డిగ్రీల దగ్గర ఉండి సున్నా డిగ్రీల నీరుగా మారడానికే 80 కిలో కేలరీలు కావాలి. చేపలో ముప్పాతిక వంతు నీరే కాబట్టి అది కూడా ఇంచుమించు నీటిలాగే వేడిని పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీలున్న 100 కిలోల చేపను సున్నాకు దించాలంటే 30 కిలోల పైచిలుకు ఐసు సరిపోతుంది. అదే చేప మీద సున్నా డిగ్రీల నీళ్లు 100 కిలోలు పోసినా రెండూ కలిసి 14 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. మూడో వంతు బరువున్న ఐసు చేసే పనిని సమాన బరువున్న చల్లని నీళ్లు సగానికి కాస్త మించి మాత్రమే చేయగలవు. బోటు వాళ్లు చేపకు చేపంత ఐసు వేస్తారంటే అందులో దుబారా ఏమీ లేదు. మిగతా ఐసు బయటి ఎండను, బోటు చెక్కల గుండా లోపలికి వచ్చే వేడిని మింగడానికి. వాడి నాన్న డబ్బు పెట్టి కొనేది చల్లదనాన్ని ఒక్కదాన్నే కాదు, కరగడానికి ఐసు అడిగే ఆ 80ని.

ఈ జవాబును చెప్పడం కంటే పిల్లల చేత కనుక్కునేలా చేయడం మేలని నాకు ఆలస్యంగా తెలిసింది. మరుసటి సంవత్సరం కిరాణా కొట్టు త్రాసు అడిగి తెచ్చాం. ఒక స్టీలు గ్లాసులో 200 గ్రాముల ఐసు పొడి. అలాంటిదే ఇంకో గ్లాసులో ఐసునీళ్లు వడకట్టి తీసిన 200 గ్రాముల చల్లని నీరు. రెండింట్లోనూ ఒక్కో థర్మామీటరు. రెండు నిమిషాలకొకసారి పుల్లతో కలిపి అంకె రాయాలి. నీళ్ల గ్లాసు పది నిమిషాల్లో 1 డిగ్రీ నుంచి 9 డిగ్రీలకు వచ్చింది. ఐసు గ్లాసు వంతు వచ్చిన అమ్మాయి పట్టికలో సున్నా రాసింది. మళ్లీ సున్నా. మళ్లీ సున్నా. పదో వరస దాటాక తలెత్తి, "మళ్లీ సున్నాయే రాయాలా మేడం? థర్మామీటరు చెడిపోయిందేమో!" అంది. పక్క గ్లాసులోది తీసి ఇందులో పెట్టి చూసింది. అదీ దిగి సున్నా దగ్గరే నిలబడింది. తరగతి అంతా ఆ రెండు గ్లాసుల చుట్టూ చేరింది.

ఒకే గది, ఒకే గాలి, ఒకేలాంటి గ్లాసులు. రెండింటికీ వేడి అందుతూనే ఉంది. ఒకదాంట్లో అది అంకెగా కనిపిస్తోంది, రెండోదాంట్లో కనిపించడం లేదు. మరి ఎక్కడికి పోతోంది? గుప్తోష్ణం అనే మాట పుట్టిన చోటు ఇదే. ఆ సమయంలో మాట చెబితే పిల్లలు దాన్ని పట్టుకుంటారు, ఎందుకంటే అప్పటికి వాళ్లకు ఆ మాట అవసరం పడింది.

ఐసు మొత్తం కరిగి థర్మామీటరు కదలడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. పది నిమిషాలకు 8 డిగ్రీల చొప్పున లెక్క కడితే పిల్లలకు వచ్చిన అంకె 64. పుస్తకంలోది 80. ఆ తేడా ఎక్కడిదన్న చర్చతో ఇంకో పీరియడు గడిచింది. తూకం వేసేటప్పటికే ఐసు సగం తడిగా ఉందని, ఆ తడి బరువు కూడా ఐసు బరువులో కలిసిపోయిందని వాళ్లే పట్టుకున్నారు. నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన 80 ఏ పిల్లవాడికీ గుర్తులేదు. వాళ్లకు వచ్చిన 64 మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఈ ప్రయోగం నా సొంతం కాదు. 1760ల తొలి రోజుల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే అధ్యాపకుడు సరిగ్గా ఇదే చేశాడు. పెద్ద హాలులో రెండు గాజు పాత్రలు వేలాడదీశాడు. ఒకదాంట్లో మంచుగడ్డ, రెండోదాంట్లో మంచంత చల్లని నీరు. నీరు 33 ఫారన్‌హీట్ డిగ్రీల నుంచి 40కి రావడానికి అరగంట పట్టింది. మంచుగడ్డ కరిగి అదే 40కి చేరడానికి పదిన్నర గంటలు పట్టింది. ఆ లెక్కను మన డిగ్రీల్లోకి మారిస్తే దాదాపు 77 వస్తుంది. అంత సాదా సామానుతో ఇప్పటి 80కి అంత దగ్గరగా రావడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. మంచు కరిగే వేడికి చేరాక ఇంకాస్త వేడి తగిలితే చాలు, మొత్తం ఒక్కసారిగా కరిగిపోతుందని అప్పటిదాకా అందరూ అనుకునేవారు. అదే నిజమైతే ఎండ కాసిన మొదటి రోజే కొండల మీది మంచంతా వరదై ఊళ్లను ముంచేయాలి కదా అని ఆయన అడిగాడు. బ్లాక్ ఈ సంగతిని తాను బతికుండగా పుస్తకంగా అచ్చువేయలేదు. తరగతి గదిలో విద్యార్థులకు చెప్పాడు. 1799లో ఆయన పోయాక, 1803లో ఆ ఉపన్యాసాలు అచ్చయ్యాయి. అంటే ఇది మొదటి నుంచీ తరగతి గదిలో పెరిగిన విషయం. మనం దాన్ని అక్కడి నుంచి తీసేసి ఒక నిర్వచనం, ఒక సూత్రం మాత్రమే మిగిల్చాం.

అందుకే నా మొదటి విన్నపం సమయం గురించి. ఈ ఒక్క ప్రయోగానికి వరసగా రెండు పీరియడ్లు కావాలి. "ఉపాధ్యాయుడు ప్రదర్శించి చూపాలి" అనే వాక్యంతో ఇది జరగదు. ఆరుగురు పిల్లలకు ఒక థర్మామీటరు ఉండాలి, సున్నాను వాళ్ల చేత్తో వాళ్లే రాయాలి. ఆ గంటకు చోటు దొరకాలంటే ఏ పాఠం తగ్గించాలో చెప్పమంటే, మూడు స్థితుల ధర్మాలను పట్టికలుగా బట్టీపట్టించే పేజీలు తీసేయమంటాను. గట్టిగా ఉండేది ఘనపదార్థం, పారేది ద్రవం అని పిల్లలకు బడికి రాకముందే తెలుసు.

రెండోది బొమ్మల గురించి. వేడి చేసే కొద్దీ ఉష్ణోగ్రత ఎలా మారుతుందో చూపే గ్రాఫు ఉంటుంది. ఏటవాలు గీత, చదునైన మెట్టు, మళ్లీ ఏటవాలు, మళ్లీ మెట్టు. చాలాచోట్ల రెండు మెట్లూ ఒకే పొడవుతో గీసి ఉంటాయి. వాటిని కొలతకు గీయించండి. సున్నా నుంచి 100 డిగ్రీల దాకా నీరు కాగడానికి 100 గళ్లు పడితే, ఐసు కరిగే మెట్టుకు 80 గళ్లు, మరిగి ఆవిరయ్యే మెట్టుకు 540 గళ్లు కావాలి. అది పేజీలో పట్టదు. పట్టకపోవడమే మంచిది. మడత కాగితం అతికించి గీసిన పిల్లవాడికి ఆ 540 ఎంత పెద్దదో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎసరు చన్నీళ్ల నుంచి మరగడానికి ఐదారు నిమిషాలు పడితే, అదే మంట మీద ఆ నీళ్లన్నీ ఇగిరిపోవడానికి ఇంకో అరగంటకు పైగా ఎందుకు పడుతుందో అప్పుడు వాళ్లకు అర్థమవుతుంది. ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. ఎసరు మరిగాక మంట ఎంత పెంచినా నీరు 100 దాటదు, అన్నం ముందుగా ఉడకదు. పెంచిన మంటంతా ఆవిరై పోతుంది. మా పిల్లలు ఇంటికెళ్లి ఈ మాట చెబితే గ్యాసు బండ నాలుగు రోజులు ఎక్కువ వచ్చిందని ఒక తల్లి నాతో అన్నారు.

చుక్కల బొమ్మలు కూడా మార్చండి. ఘనంలో చుక్కలు దగ్గరగా, ద్రవంలో కాస్త దూరంగా, వాయువులో ఇంకాస్త దూరంగా గీస్తే, మూడూ సమాన దూరంలో ఉన్న మెట్లని పిల్లలు అనుకుంటారు. నిజానికి ద్రవంలో అణువులు దాదాపు ఘనంలో ఉన్నంత దగ్గరగానే ఉంటాయి, కాకపోతే వరస చెదిరి కదులుతుంటాయి. నీటి సంగతైతే తలకిందులు. ఐసులోని అణువులే ఎడంగా అమరి ఉంటాయి, అందుకే ఐసు నీళ్ల మీద తేలుతుంది. అసలైన ఎడబాటు ఆవిరిలో. ఒక లీటరు నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరైతే దాదాపు 1,700 లీటర్లవుతుంది. కరగడానికి 80, ఆవిరి కావడానికి 540 ఎందుకో ఈ ఒక్క బొమ్మ చెప్పగలదు. కరిగేటప్పుడు పట్టు కొంచెం సడలుతుంది. ఆవిరయ్యేటప్పుడు ఒకదాన్నొకటి పూర్తిగా విడిచిపోవాలి. ఆ 540లో సుమారు 40 కేలరీలు చుట్టూ ఉన్న గాలిని పక్కకు నెట్టి చోటు చేసుకోవడానికి పోతాయి, మిగతాదంతా ఆ ఎడబాటు ఖర్చే. ఇచ్చిన వేడి అణువుల వేగం పెంచకుండా వాటిని విడదీయడానికి పోతోంది కాబట్టే థర్మామీటరు కదలదు.

ఇక మాటల సంగతి. దీని మీద నాకు చాలా బాధ ఉంది. మా పిల్లాడొకడు పరీక్షలో "పంచదార నీళ్లలో ద్రవీభవించింది" అని రాశాడు. తప్పు వాడిది కాదు. మన ఇంటి తెలుగులో ఐసూ కరుగుతుంది, నెయ్యీ కరుగుతుంది, నీళ్లలో పంచదారా కరుగుతుంది. రెండు వేర్వేరు పనులకు ఒకే మాట. పుస్తకం ఆ సంగతి ఎత్తకుండా ద్రవీభవనం అనే సంస్కృత పదం ఇచ్చేసరికి, కరుగుకు అది గౌరవ రూపమని వాడు అనుకున్నాడు. ఇంకో అమ్మాయి "ఐసు కరగాలంటే నీళ్లు కావాలా మేడం?" అని అడిగింది. ఒక పేరా చాలు: "మనం కరగడం అనే మాటను రెండు పనులకు వాడతాం. వేడికి కరగడం వేరు, నీళ్లలో కలిసిపోయి కరగడం వేరు" అని తెలుగులోనే తేల్చి చెప్పే పేరా. తెలుగు పిల్లల కోసం తెలుగులో ఆలోచించి రాసేవారే ఆ పేరా రాయగలరు.

అలాగే మన ఇళ్లలో ఉన్న మాటలు ఎన్నో! బట్టలు ఆరతాయి, కూరలో నీళ్లు ఇగురుతాయి, ఎసరు మరుగుతుంది, మసులుతుంది, తెర్లుతుంది, ఏ ఊరి మాట ఆ ఊరిది. నెయ్యి పేరుకుంటుంది. చల్లని గ్లాసు చెమరుస్తుంది. ఆరడానికీ మరగడానికీ తేడా ఏమిటని అడిగితే ఏ అవ్వయినా చెబుతుంది: ఆరడానికి పొయ్యి అక్కర్లేదు. అన్ని వేడిమిల దగ్గరా, పైభాగం నుంచి మాత్రమే జరిగేది ఒకటి, ఒకానొక వేడిమి దగ్గర లోపలి నుంచీ బుడగలుగా జరిగేది ఇంకొకటి. ఈ రెంటికీ కలిపి బాష్పీభవనం అని ఒక్క మాట ఇచ్చాక, తేడా మళ్లీ విడమరిచి చెప్పడానికి ఒక పేజీ పడుతోంది. శాస్త్ర పదాలు వద్దనడం లేదు. వాటికి ముందు ఇంటి మాటను నిలబెట్టమంటున్నాను.

పిల్లల మనసులో ముందే ఉన్న ఊహలను కూడా పుస్తకం పట్టించుకోవాలి. మరిగే నీళ్లలో బుడగల్లో ఏముంటుందని అడగండి. గాలి అంటారు, కొంచెం చదివినవాళ్లు ఆక్సిజన్, హైడ్రోజన్ అంటారు. నీటి ఆవిరే అని చెప్పేది కొందరే. న్యూజిలాండ్‌లో ఆస్‌బర్న్, కాస్‌గ్రోవ్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి పిల్లల్ని ఇలాగే అడిగితే ఇవే జవాబులు వచ్చాయని 1983లో ప్రచురించారు. చెమర్చిన గ్లాసు మీది నీరు లోపలి నుంచి ఊరిందని ఇక్కడి పిల్లలూ అంటారు. లోపల రంగునీళ్లు పోసి చూపిస్తే ఆ ఊహ పోతుంది, చెప్పడం వల్ల పోదు. హారతి కర్పూరం వెలిగించి దాన్ని ఉత్పతనానికి ఉదాహరణగా చూపేవాళ్లను కూడా చూశాను. వెలిగించాక అది మండడం, రసాయన మార్పు. డబ్బాలో పెట్టిన కర్పూరం నెలలు గడిచేసరికి తరిగిపోతుందే, అదీ ఉదాహరణ.

అన్నిటికంటే కష్టం, గడ్డకట్టేటప్పుడు వేడి బయటికి వస్తుందని నమ్మించడం. పిల్లలకు గడ్డకట్టడం అంటేనే చలి. దీనికి నేను హైపో అనే ఉప్పు వాడతాను. ఒకప్పుడు ప్రతి ఫోటో స్టూడియోలోనూ ఉండేది. దాని స్ఫటికాలు 48 డిగ్రీల దగ్గర కరుగుతాయి. పరీక్షనాళికలో వేసి వేడినీళ్లలో ముంచి కరిగించి, కదపకుండా గది వేడికి చల్లార్చితే ద్రవంగానే ఉండిపోతుంది. అందులో ఒక్క స్ఫటికం పలుకు వేస్తే కళ్ల ముందే గడ్డకట్టుకుపోతుంది. పట్టుకున్న చేతికి నాళిక వెచ్చబడుతుంది, థర్మామీటరు 48 వైపు ఎగబాకుతుంది. పొయ్యి లేదు, మంట లేదు. కరగడానికి అప్పుగా తీసుకున్నది తిరిగి ఇచ్చేస్తోంది. ఇది చూసిన పిల్లలకు ఇడ్లీ పాత్రలో ఏం జరుగుతుందో చెప్పడం తేలిక. ఆవిరి చల్లని పిండి మీద నీరై, తనలోని 540ని అక్కడ దించుతుంది. 100 డిగ్రీల వేడినీళ్లు ఒక గ్రాము చేతి మీద పడితే శరీరపు వేడికి దిగేలోపు 63 కేలరీలు ఇస్తుంది. అంతే ఆవిరి తగిలితే 600. కుక్కరు మూత దగ్గర చెయ్యి పెట్టవద్దని అమ్మ ఎందుకు అరుస్తుందో అప్పుడు అంకెలతో సహా తెలుస్తుంది.

ఇది ప్రాణాలకు సంబంధించిన పాఠం కూడా. 2015 మే నెలలో వడగాలులకు రెండు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేల మంది చనిపోయారు. చెమట మనల్ని చల్లబరిచేది ఆరినప్పుడే. ఒక లీటరు చెమట ఒంటి మీద ఆరితే దాదాపు 580 కిలో కేలరీల వేడి పట్టుకుపోతుంది. కారి కింద పడిన చెమట దాదాపు ఏమీ పట్టుకుపోదు. రామగుండం పొడి ఎండ కంటే అంకెలో తక్కువగా ఉన్న మా బందరు ఉక్కపోత మనిషిని ఎందుకు కూలదోయగలదో, వానాకాలంలో నీళ్ల కూలరు ఎందుకు పనిచేయదో, కొత్త కుండలో నీళ్లు రాయలసీమలో అంత చల్లగా మా దగ్గర ఎందుకు ఉండవో, అన్నిటికీ జవాబు ఇదే. ఈ మూడు ప్రశ్నలూ పుస్తకంలో పక్కపక్కన ఉంటే, ఏ రోజు చేలో పని మానుకోవాలో పిల్లవాడు ఇంట్లో చెప్పగలడు.

తుపాను గురించి కూడా ఒక మాట. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మాకు పాఠం కాదు, ఇంటి సంగతి. నా విద్యార్థుల అవ్వాతాతల్లో ఆ రాత్రి చెట్లు పట్టుకుని బతికినవాళ్లున్నారు, తోబుట్టువులను పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆ గాలికి అంత బలం ఎక్కడిదని పిల్లలు అడుగుతారు. వెచ్చని సముద్రం మీద ఆవిరైన ప్రతి గ్రాము నీరూ దాదాపు 580 కేలరీలు మోసుకుని పైకి పోతుంది, మేఘమై నీరుగా మారేటప్పుడు అక్కడ వదిలేస్తుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద ఇంకా గాలి వచ్చి చేరుతుంది. మా పిల్లల చేతిలో వెచ్చబడిన హైపో నాళికకూ ఆ తుపానుకూ మధ్య ఉన్నది ఒక్క గొలుసే. ఈ గొలుసు తెలిసిన పిల్లలు తుపాను హెచ్చరికను వేరేగా వింటారు. మా ఊరి మట్టుకు నేను చూశాను.

చివరిగా ప్రశ్నపత్రం. పరీక్షలో అడిగేదే తరగతిలో చెబుతారు, మేమూ మనుషులమే. "గుప్తోష్ణాన్ని నిర్వచించండి" అని అడిగినంత కాలం నిర్వచనం బట్టీపట్టడమే జరుగుతుంది. దాని బదులు ఇలా అడగండి: సున్నా డిగ్రీల ఐసు ఒక కిలో, సున్నా డిగ్రీల నీరు ఒక కిలో ఉన్నాయి, చేపలకు ఏది మేలు, ఎన్ని రెట్లు? ఎసరు మరిగాక మంట పెంచిన ఇంట్లో, తగ్గించిన ఇంట్లో అన్నం ఎవరికి ముందు ఉడుకుతుంది? ఒక పట్టికలో పదిహేను సున్నాలు ఇచ్చి, ఆ సమయంలో గ్లాసులో ఏం జరిగి ఉంటుందో రాయమనండి. ఒక్క ఏడాది పబ్లిక్ పరీక్షలో ఇలాంటి ప్రశ్న ఒక్కటి వస్తే, మరుసటి జూన్‌లో రాష్ట్రమంతటా తరగతి గదుల్లోకి ఐసు వస్తుంది. నా అనుభవంతో ధైర్యంగా చెప్పగల మాట ఇది.

మా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. అది ముగిసేసరికి బడి కూడా తెరుస్తారు. ఆ వారం రేవులో బోట్లన్నీ ఒకేసారి ఐసు ఎక్కించుకుంటాయి. ఈసారి పిల్లల్ని తెల్లవారుజామునే అక్కడికి తీసుకెళ్లి, బోటులోని ఐసులో థర్మామీటరు పెట్టించి, వేట ముగించుకుని బోటు తిరిగొచ్చిన రోజున మళ్లీ అదే చోట పెట్టించాలని అనుకుంటున్నాను. అందుకు పిల్లల్ని బోటు ఎక్కనిస్తానని ఒక సరంగు మాట ఇచ్చాడు. మొదట ప్రశ్న అడిగిన పిల్లాడు ఇప్పుడు ఆ బోటు మీదే పనిచేస్తున్నాడు, మధ్య రోజుల అంకెలు తాను రాసి తెస్తానన్నాడు. మీలో వీలైనవారు ఆ ఉదయం రండి. రేవు దగ్గర ఎవరినడిగినా ఐసు ఎక్కించే చోటు చూపిస్తారు.

ఇట్లు,
కృష్ణా జిల్లా తీరం నుంచి
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు